హోం రూల్, స్వరాజ్, పూర్ణ స్వరాజ్: అన్నిటికీ ‘స్వపరిపాలన’ అని రాసేస్తే సరిపోతుందా?

కృష్ణలంక కుర్రాడు:

గ్రూప్ 1 మెయిన్స్‌కి చదువుతున్నాను. ఆధునిక భారత చరిత్రలో ఒకచోట ఆగిపోయాను, ఎన్ని నోట్సులు తిరగేసినా తెగడం లేదు. 1906 కలకత్తా కాంగ్రెస్‌లో దాదాభాయ్ నౌరోజీ స్వరాజ్ కావాలన్నారు. 1916లో తిలక్, అనీబిసెంట్ హోం రూల్ అన్నారు. 1920 నాగపూర్‌లో గాంధీజీ మళ్లీ స్వరాజ్ అన్నారు. 1929లో లాహోర్‌కి వచ్చేసరికి అది పూర్ణ స్వరాజ్ అయింది. మరి అప్పటిదాకా 23 ఏళ్లు అడిగింది అపూర్ణ స్వరాజా?

కోచింగ్ వాళ్లిచ్చిన మెటీరియల్‌లో ఈ నాలుగింటికీ ‘స్వపరిపాలన’ అని ఒకటే మాట వాడేశారు. ఇంకో పుస్తకంలో హోం రూల్‌ని ఒక భావజాలంగా చెప్పి, దాన్ని నమ్మినవాళ్లని స్వరాజ్యవాదులు అన్నారు. కానీ స్వరాజ్యవాదులంటే చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూల పార్టీ వాళ్లు కదా? మళ్లీ 1935 చట్టం దగ్గర స్వయంప్రతిపత్తి అని ఇంకో మాట. పరీక్ష సంగతి అటుంచండి, అసలు ఈ మాట అన్నప్పుడు వాళ్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని ఉంది. దయచేసి లింకు పెట్టి వెళ్లిపోకండి, మీకు తెలిసింది నాలుగు ముక్కలు రాయండి.


పాతపేపర్ల పిచ్చోడు:

తమ్ముడూ, ముందు ఆ మెటీరియల్ పక్కన పెట్టేయ్. నాలుగూ ఒకటి కాదు, పైగా ఒక్కో మాటకీ ఏడుని బట్టి, అన్న మనిషిని బట్టి అర్థం మారిపోయింది.

1906 సంగతే చూడు. నౌరోజీ అధ్యక్షోపన్యాసంలో అడిగింది యునైటెడ్ కింగ్‌డమ్‌కో, దాని వలసలకో ఉన్నలాంటి స్వపరిపాలన, అంటే స్వరాజ్యం. ఇందులో మెలిక గమనించావా? యునైటెడ్ కింగ్‌డమ్ తన పైన ఇంకెవరూ లేని దేశం. కెనడా, ఆస్ట్రేలియా అలా కాదు, ఇంటి వ్యవహారాలు సొంతం, పైన చక్రవర్తి, సామ్రాజ్యం. రెండు వేరువేరు గమ్యాలని ఒకే వాక్యంలో పెట్టి ఒకే పేరు పెట్టేశారు. అప్పటికే కాంగ్రెస్‌లో మితవాదులు, అతివాదులు కొట్టుకుంటున్నారు కాబట్టి ఇద్దరికీ సరిపోయే మాట అది. ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకున్నారు, ఏడాది తిరిగేసరికి సూరత్‌లో విడిపోయారు.

మన వైపు ఈ మాట ఊళ్లలోకి దిగింది 1907 ఏప్రిల్‌లో, బిపిన్ చంద్రపాల్ పర్యటనతో. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, బందరు అన్నీ తిరిగాడు, ముట్నూరి కృష్ణారావు వెంట ఉన్నారు. రాజమండ్రిలో ఉపన్యాసాలు తెలుగులో చెప్పింది చిలకమర్తి, భరతఖండాన్ని పాడియావుగా చెప్పిన ఆ పద్యం అప్పటిదే. తర్వాత మద్రాసు వెళ్లి పాల్ చేసిన వాదన గట్టిది: సామ్రాజ్యం లోపల ఉంటూ స్వపరిపాలన అంటే కుదిరే పని కాదు, అది నిజమైన స్వపరిపాలన అయితే ఇంగ్లండుకి మన మీద పెత్తనం మిగలదు, పెత్తనం మిగిలితే మనది స్వపరిపాలన కాదు అని. 22 ఏళ్ల తర్వాత లాహోర్‌లో కాంగ్రెస్ చేరింది కూడా ఇక్కడికే.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి జీవితం చూస్తే నీ ప్రశ్న మొత్తం ఒక్క మనిషిలో కనిపిస్తుంది. 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చదువుతూ వందేమాతరం గొడవలో బయటికి గెంటించుకున్నారు. 1908లో విజయవాడ నుంచి ‘స్వరాజ్య’ అనే పత్రిక నడిపారు. తిరునెల్వేలి కాల్పుల మీద తెల్లవాణ్ణి క్రూరమైన పులి అంటూ రాసినందుకు రాజద్రోహం కింద జైలుకి వెళ్లారు. అదే మనిషి 1916లో హోం రూల్ లీగ్ ఆంధ్ర శాఖకి కార్యదర్శి. ఎనిమిదేళ్లలో ఆయన మెత్తబడ్డారని అనుకోవద్దు. మాట మారింది, ఎందుకంటే పాత మాటకి జైలు ఖాయం అని అందరికీ తెలిసిపోయింది. తిలక్ కూడా 1908 నుంచి 1914 దాకా మాండలేలో ఉండి వచ్చాడు. వచ్చాక స్వరాజ్యం అన్న మాట వదల్లేదు గానీ సంస్థకి పేరు పెట్టేటప్పుడు మాత్రం హోం రూల్ అన్నాడు. అది ఐర్లండు విషయంలో ఇంగ్లండు పార్లమెంటులోనే 30 ఏళ్లుగా చర్చలో ఉన్న మాట. వాళ్ల నాయకులే బిల్లు పెట్టిన మాటని ఇక్కడ రాజద్రోహం అనడం వాళ్లకి ఇబ్బంది.

అయినా ఇక్కడి ప్రభుత్వం వదల్లేదనుకో. 1916లో తిలక్ ఉపన్యాసాల మీద కేసు పెట్టి 20 వేల రూపాయల సొంత పూచీ, దాని మీద జామీన్లు అడిగారు. ఆ ఉపన్యాసాల్లో ఆయన వాదన ఏంటంటే దేవుడు వేరు, పూజారి వేరు, మేం మార్చమంటున్నది పూజారిని. చక్రవర్తిని ఏమీ అనడం లేదు, అధికార వర్గాన్ని అంటున్నాం అని. జిన్నా ఆయన తరఫున వాదించాడు, నవంబరులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఆ తీర్పుతో హోం రూల్ అడగడం నేరం కాదని తేలింది. చరిత్ర పుస్తకాలు ఈ కేసుని రెండు ముక్కల్లో దాటేస్తాయి, నా లెక్కలో ఆ ఉద్యమానికి ఊపిరి పోసింది ఇదే.


లిఫీ ఒడ్డు తెలుగోడు:

నేనుండేది డబ్లిన్‌లో, అందుకని హోం రూల్ అనే మాట పుట్టిల్లు గురించి రాస్తాను, ఎందుకంటే ఇండియాలో దాన్ని చదివేటప్పుడు ఈ సగం ఎవరూ చెప్పరు.

ఇక్కడ హోం రూల్ అంటే చాలా ఖచ్చితమైన అర్థం ఉండేది. డబ్లిన్‌లో ఒక పార్లమెంటు ఉంటుంది, ఐర్లండు లోపలి వ్యవహారాలు అది చూసుకుంటుంది, కిరీటం, సైన్యం, యుద్ధం, విదేశీ వ్యవహారాలు లండన్ చేతిలో ఉంటాయి. అంతే. విడిపోవడం కాదు. 1870లో ఐజాక్ బట్ దీన్ని మొదలుపెట్టాడు, పార్నెల్ దాన్ని పెద్ద శక్తి చేశాడు, గ్లాడ్‌స్టన్ రెండుసార్లు బిల్లు పెట్టాడు. 1886లో కామన్స్ సభలోనే ఓడిపోయింది, 1893లో కామన్స్ దాటి ప్రభువుల సభలో ఓడిపోయింది. మూడోది 1914 సెప్టెంబరులో చట్టమైంది, కానీ మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిందని అమలు ఆపేశారు.

కాబట్టి ఇక్కడ రాజకీయాల్లో మూడు జాతుల మనుషులు. బ్రిటన్‌తో కలిసే ఉండాలనే యూనియనిస్టులు, మధ్యలో హోం రూలర్లు, అటు చివర రిపబ్లిక్ కావాలనేవాళ్లు. హోం రూలర్ అంటే మితవాది అన్నమాట. రిపబ్లిక్ కావాలనేవాళ్లకి హోం రూలర్లంటే లండన్‌కి సలాం కొట్టేవాళ్లు. ఉత్తరాన ఉన్న ప్రొటెస్టెంట్లకి మాత్రం వాళ్లే దేశాన్ని పోప్ చేతికి ఇచ్చేవాళ్లు, ‘హోం రూల్ అంటే రోమ్ రూల్’ అని వాళ్ల నినాదం.

ఇప్పుడు తేదీలు చూడండి. తిలక్ లీగ్ పెట్టింది 1916 ఏప్రిల్. అదే ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది, దాని నాయకుల్ని కాల్చి చంపారు, ఆ దెబ్బతో ఇక్కడ హోం రూల్ అనే మాటకి కాలం చెల్లింది. 1918 ఎన్నికల్లో 105 సీట్లలో 73 రిపబ్లిక్ కావాలనేవాళ్ల పార్టీ షిన్ ఫేన్ గెలిచింది, హోం రూల్ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. అంటే పుట్టిన దేశంలో ఆ మాట చచ్చిపోతున్న నెలలోనే ఇండియాలో కొత్తగా పుట్టింది. ఇంకో విడ్డూరం, చివరికి హోం రూల్ పార్లమెంటు లాంటిది నిజంగా దక్కింది ఎవరికంటే, దాన్ని అందరికంటే గట్టిగా వ్యతిరేకించిన ఉత్తర ఐర్లండుకి, 1921లో.

మన తెలుగువాళ్లకి దీంతో ఒక లింకు ఉంది. వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లోనే న్యాయశాస్త్రం చదివారు. ఐరిష్ జాతీయవాదులతో తిరిగారని తిరుగుబాటు తర్వాత దేశం వదిలి పొమ్మన్నారు. ఆయన తిరిగొచ్చేసరికి మద్రాసులో బిసెంటమ్మ హోం రూల్ నడుపుతోంది.


కృష్ణలంక కుర్రాడు:

ఇద్దరికీ థాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. అయితే ఇండియాలో హోం రూల్ అంటే డొమినియన్ హోదా (సామ్రాజ్యంలో ఉంటూనే కెనడాలా సొంత పాలన) అనే రాసుకోవచ్చా? ఇంకోటి, గాంధీ గారు 1920లో మళ్లీ స్వరాజ్ అన్నది కూడా ఇదేనా? తిలక్, బిసెంట్‌కి చెరో లీగ్ ఎందుకో కూడా అర్థం కాలేదు.


పాతపేపర్ల పిచ్చోడు:

రెండు లీగుల సంగతి చిన్నది. తిలక్‌ది బొంబాయి నగరం తప్ప మహారాష్ట్ర, కర్ణాటక, సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్. మిగతా దేశమంతా బిసెంట్‌ది, అడయారు కేంద్రంగా, 1916 సెప్టెంబరు నుంచి. ఈయన మనుషులకి ఆమె అంటే పడదు, ఆమె మనుషులకి ఈయనంటే పడదు, అందుకే పంచుకున్నాం అని బిసెంట్ స్వయంగా రాసుకుంది. సిద్ధాంతం తేడా ఏమీ వెతక్కు.

హోం రూల్‌ని డొమినియన్ హోదాకి దగ్గరగా చెప్పొచ్చు, బిసెంట్ అడిగింది కెనడా, ఆస్ట్రేలియా లాంటి హోదానే. కానీ లిఫీ ఒడ్డు గారు చెప్పిన ఐరిష్ హోం రూల్ కంటే ఇది పెద్దది, ఎందుకంటే ఐర్లండు బిల్లుల్లో ఇచ్చింది కెనడాకి ఉన్నదాంట్లో కొంతే. పేరు అక్కణ్ణుంచి తెచ్చుకున్నారు, సరుకు ఇంకో చోటిది.

లండన్ వాళ్లేమీ తక్కువ తినలేదు. 1917 జూన్‌లో బిసెంట్‌ని, ఆమె సహచరులు అరండేల్‌ని, వాడియాని నిర్బంధించారు, దేశమంతా గొడవైంది, ఆగస్టు 20న లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగ్ ప్రకటన వచ్చింది. అందులో ‘స్వపరిపాలన’ని గమ్యంగా చెప్పకుండా ‘బాధ్యతాయుత ప్రభుత్వం’ అని లండన్ మంత్రివర్గంలో ఉన్న కర్జన్ మార్పించాడు. స్వపరిపాలన సంస్థల అభివృద్ధి అని ఒక ముక్క వదిలారు, అసలు హామీ మాత్రం సామ్రాజ్యంలో విడదీయరాని భాగంగా ఉంటూ, అంచెలంచెలుగా, బాధ్యతాయుత ప్రభుత్వం. పరీక్షలో ఈ వాక్యం వస్తే ఏ మాట ఎవరిదో చూసి రాయి, మార్కులు అక్కడే ఉన్నాయి.


చీరాల చిన్నోడు:

పాతపేపర్ల అన్న చెప్పింది వింటే స్వరాజ్యం అనేది లాయర్లు కేసు తప్పించుకోవడానికి వాడిన మాటలా ఉంది. 1916 దాకా అది ఒప్పుకుంటాను. గాంధీ దగ్గరికొచ్చాక మాత్రం ఒప్పుకోను.

ఆయన 1909లో లండన్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్తూ ఓడలో గుజరాతీలో రాసిన ‘హింద్ స్వరాజ్’లో ప్రశ్న వేరు. ఇంగ్లీషువాడు పోయి ఇంగ్లీషు పాలన మిగిలితే, పులి వద్దు గానీ పులి స్వభావం కావాలన్నట్టు ఉంటుంది, అది నాకు స్వరాజ్యం కాదు అన్నాడు. తన మీద తనకి అదుపు ఉండటం దగ్గర మొదలవుతుంది ఆయన స్వరాజ్యం. నౌరోజీకి, తిలక్‌కి, బిసెంట్‌కి ఇది రాజ్యాంగం ప్రశ్న, గాంధీకి బతికే తీరు ప్రశ్న. 1910లో బొంబాయి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించిందంటే అందులో ఏదో సాధువుల ఉపదేశం మాత్రమే ఉందనుకోలేం కదా. పైగా ఈ అర్థం ఆయన గాల్లోంచి తీయలేదు. ఉపనిషత్తుల్లో స్వారాజ్యం అన్న మాట ఉంది, అక్కడ అది తనని తాను గెలిచినవాడి స్థితి.

అందుకే 1920లో హోం రూల్ లీగ్‌కి ఆయన అధ్యక్షుడయ్యాక దాని పేరు స్వరాజ్య సభ అయింది. జిన్నా బయటికి వచ్చేశాడు. అదే ఏడు డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్‌లో గమ్యాన్ని ‘సామ్రాజ్యం లోపల స్వపరిపాలన’ నుంచి ఒట్టి ‘స్వరాజ్యం’గా మార్చారు. లోపలా, బయటా అని అడిగితే గాంధీ జవాబు, వీలైతే లోపల, తప్పకపోతే బయట. మరుసటేడు అహ్మదాబాద్‌లో హస్రత్ మొహానీ లేచి సంపూర్ణ స్వాతంత్ర్యం అని తీర్మానం పెడితే వ్యతిరేకించింది గాంధీనే. ఇది చదివి కొంతమంది గాంధీకి స్వాతంత్ర్యం అక్కర్లేదని పోస్టులు పెడతారు, చిరాకొస్తుంది. జనం సిద్ధంగా లేకుండా పెద్ద మాట పలకడం ఆయనకి ఇష్టం లేదు.

జనానికి ఈ మాట ఎలా అర్థమైందో తెలియాలంటే మా ఊరు రావాలి. చీరాల, పేరాల, చుట్టుపక్కల పల్లెలు కలిపి మునిసిపాలిటీ చేశారు, పన్నులు ఒక్కసారిగా పెరిగాయి, నేతపని చేసుకునేవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరికి అది మోయలేని భారం. 1921 మార్చి ఆఖరున విజయవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశానికి వచ్చిన గాంధీ ఆ వెంటనే చీరాల వచ్చాడు. అహింసతో పన్ను ఎగ్గొట్టి జైళ్లకి పోండి, లేదా ఊరే ఖాళీ చేయండి అని రెండు దారులు చెప్పాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోది పట్టుకున్నాడు. దాదాపు 13 వేల మంది ఇళ్లకి తాళాలేసి మునిసిపాలిటీ హద్దు అవతల పాకలు వేసుకున్నారు, దానికి రామనగర్ అని పేరు పెట్టారు. రామదండు అనే సేవాదళం కాపలా, సొంత పంచాయతీ, సొంత తీర్పులు. ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల్లోనే, పది నెలలకి పైగా. గోపాలకృష్ణయ్యని అరెస్టు చేశారు, డబ్బు లేక, నాయకుడు లేక చివరికి వెనక్కి వచ్చారు. ఓడిపోయారు, నిజమే. కానీ ఆ పది నెలలు వాళ్లు అడిగింది కెనడా హోదానా, ఆస్ట్రేలియా హోదానా? మా ఊరి సంగతి మేం చూసుకుంటాం అన్నారు, చూసుకున్నారు.


పాతపేపర్ల పిచ్చోడు:

చీరాల తమ్ముడి మాటకి నేను అడ్డం లేను, కానీ ఆ సాగే గుణం వల్ల నష్టం కూడా జరిగింది. నాగపూర్‌లో జిన్నా, మాలవీయ అడిగింది ఆ ప్రశ్నే, స్వరాజ్యం అంటే ఏంటో తేల్చి చెప్పండి అని. తేల్చలేదు. ఏడాదిలో స్వరాజ్యం అన్నారు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు లక్ష్యంగా పెట్టి వసూలు చేశారు, 1922 ఫిబ్రవరిలో చౌరీ చౌరా తర్వాత ఆపేశారు. ఆ ఏడాదిలో ఏం వచ్చి ఉంటే స్వరాజ్యం వచ్చినట్టు? పల్నాడులో అడవి పుల్లరి (పశువుల మేత పన్ను) కట్టనన్న రైతుకి ఒక అర్థం, ఢిల్లీలో కూర్చున్న లాయరుకి ఇంకో అర్థం.

ఇక స్వరాజ్యవాది ఎవరు అన్న ప్రశ్న. 1923 మొదట్లో చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ పెట్టిన స్వరాజ్య పార్టీ వాళ్లని స్వరాజిస్టులు అంటారు, వాళ్ల తగువు గమ్యం మీద కాదు, శాసనసభల్లోకి వెళ్లి లోపల్నుంచి అడ్డుకోవాలా, బయటే ఉండాలా అన్నదాని మీద. కాబట్టి హోం రూల్ వాళ్లని స్వరాజ్యవాదులు అని రాయకు, పేపరు దిద్దేవాడు 1923 అనుకుంటాడు. అలాగే ప్రకాశం పంతులు గారి ‘స్వరాజ్య’ దినపత్రిక 1921లో మద్రాసులో మొదలైంది, పార్టీ కంటే ముందే. పైన చెప్పిన గాడిచర్ల వారి ‘స్వరాజ్య’ ఇంకోటి. బిట్లలో ఈ మూడూ కలిపేసి చంపుతారు.

నీ అసలు ప్రశ్నకి, పూర్ణ స్వరాజ్ అంటే పూర్ణ ఎందుకు అన్నదానికి జవాబు లాహోర్ తీర్మానంలోనే రాసి ఉంది. 1927 మద్రాసు కాంగ్రెస్‌లో జవహర్‌లాల్ పట్టుబట్టి సంపూర్ణ స్వాతంత్ర్యం గమ్యం అని తీర్మానం చేయించాడు గానీ కాంగ్రెస్ నియమావళి మారలేదు. 1928లో తండ్రి మోతీలాల్ కమిటీ నివేదిక డొమినియన్ హోదా అంది. కొడుకు, సుభాష్ బోసు అడ్డం తిరిగారు. ఆ ఏడు కలకత్తాలో రాజీ, ఒక్క ఏడాది గడువు, ఈ లోపు డొమినియన్ ఇస్తే సరే, లేకపోతే స్వాతంత్ర్యమే. ఇవ్వలేదు. 1929 డిసెంబరులో లాహోర్‌లో ఆమోదించిన తీర్మానం చెప్పింది ఏంటంటే, కాంగ్రెస్ నియమావళి మొదటి అధికరణంలో ఉన్న ‘స్వరాజ్’ అన్న మాటకి ఇకనుంచి సంపూర్ణ స్వాతంత్ర్యం అని అర్థం. అంటే కొత్త మాట తేలేదు, పాత మాటకే నిఘంటువులో రాసినట్టు అర్థం బిగించారు. 1930 జనవరి 26న ఊరూరా ప్రతిజ్ఞ చదివించింది దీనికే.

తమాషా ఏంటంటే 1947 ఆగస్టు 15న మనకి వచ్చింది చట్టం లెక్కలో డొమినియన్. 1950 జనవరి 26 దాకా జార్జి రాజే మన రాజు. లాహోర్ ప్రతిజ్ఞ తారీఖు చూసి మరీ రాజ్యాంగాన్ని ఆ రోజు అమల్లోకి తెచ్చారు.

స్వయంప్రతిపత్తి అన్నది వేరే గది. 1935 చట్టంలో రాష్ట్రాలకి ఇచ్చింది అది. పైవాడు ఉంటాడు, గీత గీసి నీ వాటా నీకిస్తాడు. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం నడిచింది దాని కిందే, గవర్నరు ప్రత్యేకాధికారాలు నెత్తిన పెట్టుకుని.


ఓరుగల్లు పిల్ల:

ఇంత పెద్ద చర్చలో ఒక్కరూ హైదరాబాద్ సంస్థానం ఊసెత్తలేదు, ఎప్పుడూ ఇంతే. మా తాతల కాలంలో ఇక్కడ స్వరాజ్యం అని మీటింగ్ పెట్టే వీలే లేదు, సభ పెట్టాలంటే నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 కింద ముందు అనుమతి కావాలి. అందుకే ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదలైనప్పుడు మాట్లాడింది బడులు, గ్రంథాలయాలు, వెట్టి, బాల్య వివాహాల గురించి. రాజకీయం వాటి చాటునే నడిచింది.

1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పెట్టబోతే పుట్టకముందే నిషేధించారు. వాళ్లేమైనా సంపూర్ణ స్వాతంత్ర్యం అడిగారా అంటే, లేదు. అసఫ్‌జాహీ వంశం నీడలోనే బాధ్యతాయుత ప్రభుత్వం కావాలన్నారు. పైన కర్జన్ కథలో వచ్చిన మాటే చూడండి. బ్రిటిష్ ఇండియాలో 1917లో సర్కారే హామీ ఇచ్చిన మాట, ఇక్కడ 1938లో కూడా జైలుకి పంపే మాట. నిషేధం తీసింది 1946లో.

ఆ తర్వాతిది ఇంకా చిత్రం. ‘బ్రిటిష్ వాళ్లు పోగానే నేను స్వతంత్రుణ్ణి’ అని 1947 జూన్‌లో నిజాం ప్రకటించుకున్నాడు, రజాకార్లు ఆజాద్ హైదరాబాద్ అన్నారు. అంటే స్వాతంత్ర్యం అన్న మాట రాజు జేబులోకి పోయింది. జనం తరఫున స్టేట్ కాంగ్రెస్ నాయకుడు రామానంద తీర్థ పిలుపునిచ్చింది భారత్‌లో చేరాలని, 1947 ఆగస్టు 7న. పక్క జిల్లాలో స్వాతంత్ర్యం కావాలని జైలుకెళ్లినవాళ్లు, ఇక్కడ ఆ ‘స్వాతంత్ర్యం’ వద్దని జైలుకెళ్లినవాళ్లు, ఇద్దరూ ఒకే జెండా పట్టుకున్నారు. స్వపరిపాలన ఎవరిది అన్న ప్రశ్న వేయకుండా ఆ మాటని మెచ్చుకోవడం నాకు నచ్చదు.

ఇక కుర్రాడి మెటీరియల్‌లో ఉన్న ‘స్వపరిపాలన’. ఆ మాట మా తరానికి చరిత్ర పుస్తకంలోది కాదు. తెలంగాణ ఉద్యమంలో ప్రతి సభలో ఆత్మగౌరవం, స్వపరిపాలన అని జంటగా విన్నాం, అక్కడ దాని అర్థం దేశం విడవడం కాదు, సొంత రాష్ట్రం. 2014 జూన్ 2 నుంచి అది ఉంది. అదే ఆదిలాబాద్ అడవుల్లోకి వెళ్తే గోండుల నినాదం ‘మావ నాటే మావ రాజ్’, మా ఊళ్లో మా రాజ్యం. అది అడిగేది రాష్ట్రాన్ని కూడా కాదు, గ్రామసభని. 1996 పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) ఆ గ్రామసభకి కాగితం మీద అధికారం ఇచ్చింది, భూసేకరణకి ముందు సంప్రదించాలి, చిన్న తరహా ఖనిజాల తవ్వకానికి దాని సిఫారసు కావాలి అని. సంతకాలు ఎలా పెట్టించుకుంటారో అక్కడివాళ్లనడగండి. చీరాల వాళ్ల రామనగర్‌కి వీళ్లే దగ్గర చుట్టాలు, హోం రూల్ లీగ్ వాళ్లు కాదు.


చీరాల చిన్నోడు:

ఓరుగల్లు అక్కా, ఆఖరి వాక్యం మా ఊళ్లో గోడ మీద రాయించాలి.


కృష్ణలంక కుర్రాడు:

నాకు ఇప్పుడు ఒక పట్టు దొరికింది. జవాబులో మాటని అప్పుడు వాడినట్టే రాసి, పక్కన ఏడు, మనిషి, సామ్రాజ్యం లోపలా బయటా అన్నది పెడతాను, అన్నిటికీ స్వపరిపాలన అని రాయను. ఒక్క చివరి డౌటు. శివాజీ ‘స్వరాజ్యం’ అని మరాఠా చరిత్రలో వస్తుంది కదా, తిలక్ అక్కణ్ణుంచే తీసుకున్నాడా?


పాతపేపర్ల పిచ్చోడు:

తిలక్ 1890ల నుంచే శివాజీ ఉత్సవాలు నడిపాడు, కాబట్టి ఆ ఛాయ లేదనలేం. కానీ మరాఠా రికార్డుల్లో అది రెవెన్యూ మాట కూడా. 1719లో మొఘలుల నుంచి మరాఠాలు తెచ్చుకున్న సనదుల్లో (హక్కు పత్రాల్లో) మూడు వేరువేరుగా ఉంటాయి, చౌత్, సర్దేశ్‌ముఖి, స్వరాజ్యం. శివాజీ చనిపోయేనాటికి ఆయన చేతిలో ఉన్న సొంత ప్రాంతం స్వరాజ్యం, మిగతా రెండూ పక్కవాళ్ల ప్రాంతాల మీద వసూళ్లు. సిలబస్‌లో ఇది మధ్యయుగం భాగంలో వస్తుంది. దీని మీద ఇంకా ఉంటే వేరే చర్చ మొదలుపెట్టు, మరాఠీ చదవగలిగినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లు నాకంటే బాగా చెప్తారు.